హెబ్రోను పదహారంగుళాల చక్రాలు

టైరు మీద అచ్చువేసే అంకెలు ఎవరు కనిపెట్టారో గాని, మనిషిని తికమక పెట్టడానికే కనిపెట్టారు. ఐదున్నర-పదిహేను అని ఉంటుంది. రెండూ అంగుళాలే. మొదటిది రబ్బరు ఎంత లావో చెబుతుంది. రెండోది ఆ రబ్బరు కూర్చునే ఇనుప రిమ్ము అడ్డుకొలత. మొత్తం చక్రం నేల మీద నిలబడితే ఎంత ఎత్తు ఉంటుందో మాత్రం ఎక్కడా రాయరు. అది మనమే కూడుకోవాలి. పైన ఐదున్నర, కింద ఐదున్నర, మధ్యలో పదిహేను, వెరసి ఉరమరగా ఇరవై ఆరు. ఈ కూడిక నేను అల్లూరు హెబ్రోనుకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పినప్పుడల్లా మర్యాదగా విన్నాడు. విని, తను అనుకున్నదే చేశాడు.

హెబ్రోను బాడుగ కారు తోలేవాడు. తండ్రి ఇసకపల్లి ఉప్పుమళ్ళలో కూలి. హెబ్రోను మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివి, యుద్ధం రోజుల్లో పటాలంలో డ్రైవరుగా చేరి, అస్సాం కొండల్లో మూడేళ్ళు లారీ తోలాడు. అక్కడి బురదలో చిన్న చక్రాల బండ్లు కూరుకుపోతుంటే, రొమ్మెత్తు చక్రాల లారీలు వాటి పక్కనుంచే దాటిపోవడం కళ్ళారా చూశాడట. ఆ చూడడమే అతని కొంప ముంచింది. తిరిగొచ్చాక బస్సు తోలాడు, రైసుమిల్లు లారీ తోలాడు, చివరికి కావలి డాక్టరొకాయన వాడి వదిలేసిన నల్ల లాండ్‌మాస్టరు చేతికి తెచ్చుకున్నాడు. కారు బాగానే ఉండేది. సీట్ల మీద రెబెక్కమ్మ కుట్టిన పూలగుడ్డలు, అద్దం దగ్గర ఒక బైబిలు వాక్యం చెక్కిన రేకు. రెబెక్కమ్మ హెబ్రోను భార్య, మిషను బడిలో చిన్న పిల్లలకు కుట్టుపని నేర్పే టీచరు. ఆమె నోటికి హెబ్రోను ఒక్కడే కాదు, నేనూ భయపడేవాణ్ణి.

నేను ఒక ఊళ్ళో కాలు నిలవని మనిషిని. ఏటా చలికాలం ఇసకపల్లిలో కాలువ గట్టున ఒక గది పట్టుకొని రెండు మూడు నెలలు ఉండేవాణ్ణి. బిట్రగుంటలో రైలు దిగితే హెబ్రోను కారు ఉండేది. బిట్రగుంట నుంచి అల్లూరు దాకా రోడ్డు రోడ్డులాగే ఉంటుంది. అల్లూరు నుంచి ఇసకపల్లికే వచ్చింది తంటా.

ఆ దారిలో తిరిగేవి ఉప్పుబండ్లు, వడ్లబండ్లు. ఇనుప పట్టా వేసిన కొయ్యచక్రాలు. ఏళ్ళ తరబడి ఒకే జాడలో నడిచి నడిచి, రెండు పక్కలా జానెడు లోతు గాళ్ళు పడ్డాయి. మధ్యలో గడ్డి మొలిచిన గట్టు మిగిలింది. రెండువేల ఏళ్ళ కిందట రోమనులు వేసిన రాతిబాటల మీద కూడా రథచక్రాల గాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయంటారు. వాళ్ళది రాయి గనుక చూడ్డానికి జనం పోతారు. మనది మట్టి గనుక కారు చాంబరు పోతుంది. ఇంజను కింద ఆయిలు ఉండే తొట్టిని డ్రైవర్లు చాంబరు అంటారు. హెబ్రోను కారు చక్రాలు గాళ్ళలో దిగగానే ఆ చాంబరు గట్టుకు రాసుకునేది. ఒక్క ఏడాదిలో మూడుసార్లు చిల్లు పడింది. పడినప్పుడల్లా బట్టల సబ్బు ముక్క తీసి, వేలితో మెదిపి, చిల్లులో కుక్కి ఇల్లు చేరేవాడు.

"ఇంట్లో సబ్బు నిలవదు సార్. గుడ్డలు ఉతికేదానికి లేకపోయినా కారుకు మటుకు సబ్బు ఉండాల," అనేది రెబెక్కమ్మ నాతో, అతను వినేట్టు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బాడుగ కారుకు ఏడాదికోసారి నెల్లూరులో తనిఖీ. బ్రేకు ఇన్‌స్పెక్టరు సంతకం పడితేనే మరో ఏడాది రోడ్డెక్కాలి. హెబ్రోనుకు గడువు అరవైరెండు ఫిబ్రవరి ఆఖరుకు. సంతకం పడకపోతే కారు దొడ్లో పడి ఉంటుంది, తండ్రి గీకిన ఉప్పు మళ్ళీ కొడుకు గీకాలి. చాంబరుకు అతుకులు ఎక్కువైతే ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడని అతని భయం. ఆ భయంలో నుంచి పుట్టింది పెద్ద చక్రాల ఆలోచన.

డిసెంబరులో నేను రైలు దిగేసరికి కారు వెనక నాలుగు ఇనుప రిమ్ములు కట్టి ఉన్నాయి. మద్రాసు పాత ఇనుము బజారులో దొరికాయట. ఏదో పాతకాలపు ఇంగ్లీషు కారువి, పదహారంగుళాలవి. బోల్టు రంధ్రాలు అతని కారుకు సరిగ్గా కుదిరాయి. ఆ కుదరడాన్ని అతను దేవుడి చిత్తం కింద జమకట్టాడు.

"ఏ టైరు వేస్తావు?" అన్నాను.

"ఆరు-పదహారు సామీ. బ్లాకాఫీసు జీపుకు వేసేదే. కావలిలో ఏ అంగట్లో అడిగినా ఇస్తారు."

"అది కూడితే ఇరవై ఎనిమిది అవుతుంది హెబ్రోనూ. నీ కారు ఇరవై ఆరుకు చేసింది. రిమ్ము పెంచితే రబ్బరు తగ్గించుకోవాలి. ఐదు-పదహారు వేస్తే మళ్ళీ ఇరవై ఆరే వస్తుంది. దేనికీ ఇబ్బంది ఉండదు."

"అప్పుడు కారు ఎంత ఎత్తు లేస్తది?"

"లేవదు."

"లేవనిదానికి చక్రాలు మార్చేది దేనికి సామీ?"

అడగవలసిన ప్రశ్నే. నాకు ఒళ్ళు మండింది. "అట్లయితే ఐదున్నర-పదహారు వెయ్యి. కారు అరంగుళం లేస్తుంది. ఆరు వేశావంటే అంగుళం లేస్తుంది గాని మడ్‌గార్డు కింద చోటు ఉండదు. మీటరు అబద్ధం చెబుతుంది. అది ఇరవై ఆరు మైళ్ళు చూపిస్తే నేల మీద నువ్వు ఇరవై ఎనిమిది పోయి ఉంటావు."

"మైళ్ళే తీసేస్తా ఉండారు గదా సామీ. రోడ్డు పక్కన రాళ్ళన్నీ పెరికి కిలోమీటర్ల రాళ్ళు పాతతా ఉండారు. రాయే మారిపోతా ఉంటే మీటరును ఎవురు అడగతారు?"

బిట్రగుంట నుంచి అల్లూరు దాకా ఇదే వాదన. పడవ ప్రయాణం ఇందుకే నాకు ఇష్టం. బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా పోయాను ఒకసారి. మూడు రోజులు పట్టింది, దోమలు పీక్కుతిన్నాయి, కాని పడవకు చక్రాలు లేవు.

హెబ్రోను నా మాట నమ్మకపోయినా హజరత్తయ్య మాట నమ్మేవాడు. పేరు చూసి పొరబడవద్దు, హజరత్తయ్య మన బండికమ్మరే. నెల్లూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. అరవై ఏళ్ళుంటాయి. కొయ్యచక్రానికి ఇనుప పట్టా వేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. అతని దగ్గర అరచేతంత ఇనుపచక్రం ఒకటి ఉండేది, దానికొక పిడి. ఆ బుడ్డచక్రాన్ని బండిచక్రం అంచు వెంబడి దొర్లిస్తూ చుట్లు లెక్కపెట్టేవాడు. తరువాత నేల మీద పరిచిన ఇనుప పట్టా మీద అన్ని చుట్లే దొర్లించి, ఒక వేలి మందం తగ్గించి నరికేవాడు. ఆ పట్టాను వలయం చేసి పిడకల మంటలో ఎర్రగా కాల్చి, కొయ్యచక్రం మీద దించి నీళ్ళు పోస్తే, అది కుంచించుకుపోయి కొయ్యను ఎముకలు విరిగేట్టు పట్టేది. నలభై ఏళ్ళలో అతను వేసిన పట్టా ఒక్కటి ఊడలేదు. అంగుళాల టేపు అంటే అతనికి అసహ్యం.

రెండు రకాల చక్రాలూ అతని ముందు పెట్టాడు హెబ్రోను. హజరత్తయ్య బుడ్డచక్రాన్ని పాత టైరు చుట్టూ దొర్లించాడు, జీపు టైరు చుట్టూ దొర్లించాడు.

"చుట్టుకు జానెడుకు మూడు నాలుగు వేళ్ళు తక్కువ తేడా వస్తా ఉంది," అన్నాడు.

నేను మనసులోనే లెక్క వేశాను. ఆరంగుళాల పైచిలుకు. సరిగ్గా ఉంది. నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలో నా నోరు కాసేపు మూతపడింది. అదే నేను చేసిన తప్పు.

హజరత్తయ్య కారును జాకీ మీద లేపి, జీపు టైరు చక్రం బిగించి, పైన మడ్‌గార్డుకు దానికి మధ్య వేళ్ళు పెట్టి చూశాడు.

"ముందు మూడున్నర వేళ్ళ సందు ఉన్నింది. ఇప్పుడు రెండు వేళ్ళు ఉండాది. పట్టుకోదు. ఏసుకో."

"ఇన్నారా సామీ?" అన్నాడు హెబ్రోను నా వైపు తిరిగి.

పాత చక్రాలు నాలుగూ హజరత్తయ్యే అడిగి తీసుకున్నాడు. అల్లూరులో అప్పుడప్పుడే టైరుబండ్లు వస్తున్నాయి. పద్మనాభయ్య అనే రైతు, ఎనిమిది బండ్ల సేద్యం ఉన్నవాడు, తనకూ రెండు టైరుబండ్లు కావాలని హజరత్తయ్య ప్రాణం తీస్తున్నాడు. ఇనుప పట్టాలతో బతికిన మనిషి రబ్బరుచక్రం బండి చేయాల్సి వచ్చింది. చేశాడు. ఇరుసుల చివర కారుకు ఉన్నట్టే బోల్టులు పెట్టి, హెబ్రోను పాత చక్రాలు బిగించి, వారంలో రెండు బండ్లు పద్మనాభయ్య కళ్ళానికి తోలాడు. కారేమో జీపు చక్రాల మీద, కొంగలాగా కాళ్ళు ఎత్తుకొని నిలబడింది. ఖాళీ కారులో హెబ్రోనూ నేనూ ఇసకపల్లికి పోయాం. గట్టు మీద గడ్డి చాంబరును నిమిరింది గాని రాసుకోలేదు. హెబ్రోను దారి పొడుగునా పాటలు పాడాడు.

జనవరి దాకా ఒకరిద్దరు ఎక్కే బాడుగలే తగిలాయి. ఫిబ్రవరి నడుమ పద్మనాభయ్య అక్క మాలకొండమ్మ కంటి వైద్యానికి మద్రాసు పోవాల్సి వచ్చింది. ఆమె భారీ మనిషి. ఆమెతో ఇద్దరు కోడళ్ళు, వాళ్ళ సామాన్లు, మద్రాసు బంధువులకని డిక్కీలో రెండు మూటల మొలగొలుకుల బియ్యం. ముందు సీట్లో నేను. నాకు బిట్రగుంటలో పని ఏమీ లేదు, ఊరికే బయలుదేరాను. బుద్ధి ఉన్నవాడైతే గదిలో పడుకొని చదువుకునేవాడు.

అల్లూరు చివర మొదటి మలుపు తిరగగానే వెనక నుంచి గర్రుమని చప్పుడు, రబ్బరు కాలిన వాసన.

"ఏందబ్బాయ్ ఆ వాసన?" అంది మాలకొండమ్మ.

"కొత్త చక్రాలమ్మా. సర్దుకుంటయి."

రెండో మలుపులో సర్దుకోలేదు. చిన్న గుంటలో దిగితే కారు ఎవరో వెనక్కు పట్టుకున్నట్టు ఆగింది. హెబ్రోను దిగి చూసి, అందరినీ దిగమన్నాడు. దిగితే కారు లేచింది, చక్రం తిరిగింది. ఎక్కితే పట్టుకుంది. అప్పటి నుంచి మలుపు రాగానే దిగడం, దాటగానే ఎక్కడం. గుంట కనిపిస్తే దిగడం. మూటలు దింపుదామా అని హెబ్రోను అడిగితే మాలకొండమ్మ ఒప్పుకోలేదు.

"బియ్యం నడవవు గదా. నన్నే నడిపించు. బాడుగిచ్చి నడిచేది నా జన్మలో ఇదే మొదలు."

"ఇంకొక్క మలుపేనమ్మా."

"ఆ మాట నాలుగు మలుపుల కాణ్ణించి ఇంటా ఉండా. ఇంతకన్నా మా టైరుబండిలో వచ్చుంటే కూసోనన్నా వచ్చుందును. దాని చక్రాలు కూడా నీవేనంట గదా."

స్టేషను కనిపించేసరికి మెయిలు పొగ వదిలి వెళ్ళిపోయింది. సాయంత్రం ప్యాసింజరు దాకా ఆమె ప్లాట్‌ఫారం మీద బియ్యం మూట మీద కూర్చొని హెబ్రోను వైపు చూస్తూ ఉంది.

ఇంటికొచ్చి హెబ్రోను సుత్తి తీసుకున్నాడు. మడ్‌గార్డుల లోపలి అంచులు రెండు రోజులు కొట్టి కొట్టి వంచాడు. టైరు భుజం మీద కత్తితో గీసినట్టు గీత పడి ఉంది. అది చూపించి, "ఇది ఇంకో నెల తిరిగితే పేలుతుంది" అన్నాను. "ఆరు తీసేసి ఐదున్నరకు మద్రాసు రాయి" అన్నాను. అతను తల ఊపి మళ్ళీ సుత్తి ఎత్తాడు.

రెబెక్కమ్మ పోయి హజరత్తయ్యను పిలుచుకొచ్చింది. అతను చక్రం చూశాడు, గీత చూశాడు. ఖాళీ కారుకు వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళ సందు ఉన్నట్టే ఉంది. తరువాత రెబెక్కమ్మను వెనక సీట్లో కూర్చోమన్నాడు. నన్ను కూర్చోమన్నాడు. సందు ఒక వేలయింది. అతను కారు కింద పడుకొని పైకి చూశాడు. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి కట్టిన కమాన్లు, మా బరువుకు వంగి ఉన్నాయి.

బయటికొచ్చి, ఒంటికి అంటిన మట్టి దులుపుకోకుండా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"కమాన్లు మర్చిపోయినా," అన్నాడు.

నలభై ఏళ్ళుగా అతను కొలిచినవన్నీ బండ్లు. బండికి కమాన్లు ఉండవు. పది బస్తాలు వేసినా, ఉత్తగా పోయినా, చక్రానికీ తొట్టికీ మధ్య సందు ఎంతో అంతే. కారుకు అట్లా కాదని అతనికి తెలుసు, చూసే ఉన్నాడు, కాని చేతికి తట్టలేదు. నాకూ తట్టలేదు. రైళ్ళ గురించి, రథాల గురించి, దేశదేశాల చక్రాల గురించి చదివిన నాకు, నేను కూర్చుంటే కారు కుంగుతుందని తట్టలేదు. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక ఆ పూట నేను అన్నం మానేశాను.

మరునాడు హజరత్తయ్య ఒక ముద్ద బంకమట్టి తెచ్చాడు. మడ్‌గార్డు లోపల అక్కడక్కడా మట్టి ఉండలు అంటించాడు. వీధిలో పోయే ఆరుగురిని పిలిచి కారులో కూర్చోబెట్టి, మలుపుల్లో తిప్పించాడు. తిరిగొచ్చాక ఒక్కో ఉండను పీకి, ఎక్కడ ఎంత అణిగిందో వేలితో కొలిచాడు. కొన్నిచోట్ల మట్టి కాగితంలాగా అయిపోయింది.

"ఆరుకు చోటు లేదు. ఐదున్నరైతే ఒక వేలి సందు మిగులుతుంది. అయ్యగారు మొదట చెప్పిందే సరి."

ఆ మాట రెండు నెలల ముందు అని ఉంటే నాకు సంతోషంగా ఉండేది. ఇప్పుడు తనిఖీకి వారం ఉంది. ఐదున్నర-పదహారు కోసం మద్రాసుకు రాసి, అవి వచ్చి, బిగించుకొని... నాకు అప్పుడు ఒక అనుమానం తగిలింది. కారు రిజిస్ట్రేషను పుస్తకం తెమ్మన్నాను. రెబెక్కమ్మ బైబిలు పక్కన నుంచి తీసి ఇచ్చింది. రెండో పుటలో టైరు కొలత రాసి ఉంది. ఐదున్నర-పదిహేను. మరో చక్రం ఏది వేసినా ఇన్‌స్పెక్టరు ఆ పుట చూసి కారును వెనక్కు పంపేస్తాడు.

"ఇది నువ్వు ఎప్పుడూ చదవలేదా?" అన్నాను.

"అది చదివేదానికి ఇచ్చింది కాదు గదా సామీ. దాచిపెట్టుకొనేదానికి," అన్నాడు హెబ్రోను.

రెబెక్కమ్మ పుస్తకం నా చేతిలో నుంచి తీసుకుంది. "పాత చక్రాలు యాడ ఉండాయి?" అంది. ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. అందరికీ తెలుసు. పద్మనాభయ్య కోతల మధ్య, వడ్ల బస్తాల కింద తిరుగుతున్నాయి.

మేం పోయేసరికి పద్మనాభయ్య కళ్ళంలో నిలబడి బస్తాలు ఎక్కిస్తున్నాడు. టైరుబండి చక్రాలకు బురద, గడ్డి, పేడ. అయినా నా కంటికి ఆ పూట వాటంత అందమైనవి కనిపించలేదు. విషయం విని అతను కండువా దులిపాడు.

"మా అక్కను ఆరు మైళ్ళు నడిపించినావు. ఇప్పుడు నా బండ్లు ఆపమంటా ఉండావు."

"ఒక్క రోజు అయ్యా. పొద్దున తీసుకుపోయి సాయంత్రానికి తెచ్చిస్తా."

"తేకపోతే?"

"తెస్తానయ్యా."

"నీ మాట నమ్మొచ్చు. నీ కారును నమ్మేదెట్టా? నేనూ వస్తా. నా చక్రాలు యాడికి పోతే నేనూ ఆడికే."

అట్లా ఒక మంగళవారం, రెండు ఎద్దులబండ్ల చక్రాలు తగిలించుకొని కారు నెల్లూరు బయలుదేరింది. ముందు హెబ్రోను, పక్కన నేను. వెనక పద్మనాభయ్య, హజరత్తయ్య. రెబెక్కమ్మ టైర్లను కడిగింది గాని గీతల్లో పేడ పూర్తిగా పోలేదు. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేదాకా హెబ్రోను పాట ఎత్తుకోలేదు.

ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి, ఎండకు గొడుగు కింద కుర్చీ వేసుకొని ఉన్నాడు. దీపాలు చూశాడు, బ్రేకు తొక్కించాడు, చాంబరు అతుకుల్ని కింద వంగి చూశాడు. పుస్తకం తెరిచి టైరు దగ్గర కూర్చున్నాడు. గోటితో గీతలో నుంచి ఏదో తీసి వాసన చూశాడు.

"ఈ కారుకు పేడ ఎట్లా అంటింది?"

హెబ్రోను నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. అబద్ధం ఏదైనా అల్లి పెట్టేవాణ్ణే గాని, అతను నాకు ఆ సందు ఇవ్వలేదు.

"ఇవి ఎద్దులబండి చక్రాలు సార్. నిన్నటిదాకా వడ్లు తోలినయి. అంతకు ముందు ఈ కారువే."

"మరి అన్నాళ్ళూ కారు ఏ చక్రాల మీద తిరిగింది?"

"ఆరు-పదహారు మీద సార్."

"జీపు టైర్లా?" ఇన్‌స్పెక్టరు మడ్‌గార్డు అంచు కింద చెయ్యి పెట్టి, సుత్తి దెబ్బలు తడిమాడు. "అందుకా ఇది?"

"అందుకే సార్. మా దారిలో గట్టు ఉంటది. చాంబరు తగలకుండా ఎత్తు లేపినా. తప్పయింది."

"నిండా మనుషులతో మలుపు తిరిగేప్పుడు టైరు పేలి ఉంటే?"

హజరత్తయ్య ముందుకొచ్చాడు. "కొలిచింది నేను సార్. కమాన్లు మర్చిపోయినా. తప్పు నాది."

ఇన్‌స్పెక్టరు ఇద్దరినీ చూశాడు. తరువాత వెనక కూర్చున్న పద్మనాభయ్యను చూసి, ఈయన ఎవరన్నాడు.

"చక్రాలు నావి," అన్నాడు పద్మనాభయ్య, దిగకుండానే.

అందరినీ కారెక్కించి, ఆవరణలో రెండు చుట్లు తిప్పించి, చక్రాల పక్కన నడుస్తూ చూశాడు ఇన్‌స్పెక్టరు. ఏమీ తగల్లేదు. కుర్చీలో కూర్చొని చాలాసేపు రాశాడు. పుస్తకంలో రాసి ఉన్న టైరే కారుకు ఉంది గనుక సంతకం పెడుతున్నానన్నాడు. మళ్ళీ ఎప్పుడైనా వేరే కొలత కనిపిస్తే కారు రోడ్డు మీదే ఆపేస్తానన్నాడు. సంతకం పెట్టాడు.

సంతకం ఆరకముందే నాకు అసలు సంగతి తట్టింది. కాగితం వచ్చింది. ఆ కాగితానికి సరిపోయే చక్రాలు సాయంత్రానికి పద్మనాభయ్య బండ్లకు పోవాలి. కారు రాళ్ళ మీద నిలబడాలి. ఈ మాట పెన్న వంతెన మీద అన్నాను. నామీదనే అందరికీ కోపం వచ్చినట్టుంది.

అల్లూరులో ఆగకుండా, పద్మనాభయ్య కళ్ళం ఇసకపల్లి దారిలో ఉంది గనుక అటే పోయాం. గాళ్ళలో దిగీ దిగగానే కింద కరకరమని రాసుకుంది. పద్మనాభయ్య కాళ్ళు పైకి తీసుకున్నాడు.

"ఏందది?"

"గట్టయ్యా. దీనికే నేను ఇంత పాట్లు పడింది," అన్నాడు హెబ్రోను.

"ఇన్నేండ్లూ నా కాళ్ళ కింద లేనిది ఇప్పుడు యాడ నుంచి వచ్చింది?"

"ఉన్నిందయ్యా," అన్నాడు హజరత్తయ్య. కిటికీలో నుంచి గాడిని చూస్తున్నాడు. "బండిలో కూసుంటే తెలవదు. ఈ గాళ్ళు నేను వేసిన పట్టాలు కోసినయే. ఇనుము కోస్తది. రబ్బరు కొయ్యదు. నీ టైరుబండ్లు పోయిన జాడ చూడు, గట్టును అణుస్తా పోయినయి."

కారు ఆపి అందరం దిగి చూశాం. నిజమే. కళ్ళం వైపు తిరిగే చోట, రెండు నెలలుగా టైరుబండ్లు తిరిగిన కొంచెం మేర, గాడి అంచులు అరిగి గట్టు సగం కుంగి ఉంది. నేను రెండు నెలలుగా ఆ పక్కనుంచే నడిచి షికారుకు పోతున్నాను.

పద్మనాభయ్య గట్టును చెప్పుతో తట్టాడు. "ఆ జీపు చక్రాలు యాడ ఉండాయి?"

"మా దొడ్లో."

"బోల్టులు ఒకటేనంటివి గదా. నా బండికి మడ్‌గార్డు లేదు. కమాన్లు లేవు. మీటరు లేదు. ఎంత పెద్దదైతే అంత మంచిది. అయి నాకియ్యి, ఇయి నువ్వు ఉంచుకో."

మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. పటాలంలో లారీలు తోలినవాడు ఒకడు, నలభై ఏళ్ళు చక్రాలు చేసినవాడు ఒకడు, మూడోవాణ్ణి నేను. ఆ నాలుగు పెద్ద చక్రాలకు తగిన చోటు ఏదో చెప్పడానికి, వాటి జోలికి ఎన్నడూ పోని రైతు కావలసి వచ్చింది. హెబ్రోను ఏడుపుకు నవ్వుకు మధ్య ఏదో ముఖం పెట్టాడు. "అట్నే అయ్యా," అన్నాడు.

రెబెక్కమ్మకు చెబితే, "ఇది డిసెంబరులో చెయ్యకూడదని ఎవురన్నా అన్నారా సార్?" అని నన్నే అడిగింది.

తరువాత ఏడేళ్ళలో ఊళ్ళో టైరుబండ్లు ఒకటొకటిగా పెరిగాయి. హజరత్తయ్యే చేశాడు అన్నీ. ఇనుప పట్టా కాల్చే పొయ్యి దగ్గర ఇప్పుడు గడ్డి మొలిచింది. బుడ్డచక్రం మాత్రం గోడకు తగిలించి ఉంచాడు. ఎవరు ఏ బండి కొలవమన్నా, ముందు బరువు ఎక్కించి తెమ్మంటాడు, దానికి కమాన్లు లేకపోయినా సరే. దారి చాలా వరకు చదునైంది. హెబ్రోను కారు ఐదున్నర-పదిహేను మీదే ఇసకపల్లికి పోతుంది, చాంబరు గీసుకోకుండా. సబ్బు ఇంట్లో నిలుస్తోంది.

ఉప్పుమళ్ళ దగ్గర ఒక ఫర్లాంగు మాత్రం మిగిలింది. ఉప్పు రబ్బరును తినేస్తుందన్న నమ్మకంతో, మళ్ళ నుంచి కాలువ దాకా తోలే ఉప్పుబండ్లవాళ్ళు ఇనుప పట్టాలే వాడుతున్నారు. అక్కడ గాళ్ళు అట్లాగే ఉన్నాయి, గట్టూ అట్లాగే ఉంది. అక్కడికి రాగానే హెబ్రోను కారు ఆపి, నా వైపు తలుపు తెరుస్తాడు. బరువు దిగితే కమాన్లు అర వేలన్నా లేస్తాయని ఇప్పుడతనికి తెలుసు. నాకు డెబ్బై దాటాయి. కారు ముందు పోయి, చదునుగా ఉన్న చోట ఆగి హారను కొడుతుంది. చేతిలో సంచీ పట్టుకొని, బాడుగకు ఎక్కిన నేను, ఆ ఫర్లాంగు ఎండలో నడుచుకుంటూ పోతాను.